కాశీలో వదిలిన సూది

ఆదోనిలో పత్తి ఎక్కువ, పథ్యం తక్కువ. ఎమ్మిగనూరులో బట్టలు నేసే నేతలున్నారు, మాటలు నేసే నేతలూ ఉన్నారు. నొప్పిని మాత్రం దేవుడు రెండు ఊళ్లకూ సమానంగా పంచిపెట్టాడు. అందుకే ఎమ్మిగనూరులో ఒక ట్రస్టువాళ్లు నొప్పి తగ్గించే చిన్న ఆసుపత్రి పెట్టారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్యాన్సరువాళ్లు. జబ్బును మేము వెళ్లగొట్టలేం గానీ, అది ఉన్నన్నాళ్లూ మనిషిని ఏడిపించకుండా చూడగలం.

అక్కడ మందులిచ్చే కిటికీ వెనక కూర్చునే ఉచ్చీరప్పను నేను. మా బంధువుల్లో కొందరు నన్ను "మందు అమ్మేవాడు" అని పరిచయం చేస్తారు. ఆ మందు వేరు, ఈ మందు వేరు. అది నిలబడినవాణ్ని పడగొడుతుంది, ఇది పడినవాణ్ని లేపుతుంది.

నాకొక అలవాటు ఉంది. డాక్టరు ఎంత చక్కగా రాసినా సరే, మందు చేతికిచ్చే ముందు దాని పేరు పైకి చదువుతాను. ఆ తర్వాత అడుగుతాను: "ఇంతకుముందు ఏ మందన్నా పడకపోయిందా?" ఈ ప్రశ్నకు జనం చెప్పే జవాబులు వింటే నవ్వాలో నమోదు చేయాలో తెలియదు. ఒకాయనకు ఏ గోళీ అయినా చేదుగా ఉంటే పడదు. ఒకావిడకు అత్తగారు తెచ్చిచ్చిన ఏ మందూ పడదు. కానీ వందమందిలో ఒక్కరికి నిజంగానే గొంతు వాచి ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది. ఆ ఒక్కరి కోసం వందమందినీ అడగాల్సిందే.

ఆ రోజు పొద్దున రామలింగయ్య శెట్టి వచ్చాడు. ఆదోనిలో పత్తి వ్యాపారం, గింజ తీసే సొంత జిన్నింగు మిల్లు. భార్య కన్యకమ్మ భుజం మీద చెయ్యి వేసి నడుస్తున్నాడు, తానే ఆమెకు దారి చూపిస్తున్నట్టు. నిజానికి ఆయన బరువంతా ఆమె మీదే ఉంది. పౌరుషగ్రంథి క్యాన్సరు వెన్నెముకకు పాకింది. వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే రాత్రులు గడుపుతున్నాడని మా డాక్టరు హర్షిణి చీటీ మీద రాసింది. ఇదివరకు వాడిన నొప్పి గోళీలు పనిచేయడం మానేశాయని కూడా రాసి, దాని కింద కొత్త మందు రాసింది.

నేను రెండు తాళాల బీరువా తెరిచి, గోళీలు తీసి, అలవాటు ప్రకారం పైకి చదివాను.

"మార్ఫిన్."

కన్యకమ్మ చెయ్యి చటుక్కున కిటికీలోంచి లోపలికి వచ్చి గోళీల మీద పడింది. తీసుకోవడానికి కాదు, నా చేతిలోనే నొక్కిపట్టడానికి.

"ఆ మందు ఈయప్పకు పడదప్పా. పానం పోయుండె ఒకసారి."

"డాక్టరమ్మకు సెప్పలేదా అక్కా?"

"నేను బయట కుర్చీలో ఉంటి. ఈయప్పే ఒక్కడు లోపలికి పోయె."

శెట్టి వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు.

"ఆయమ్మ గోళీలు ఏమన్నా పడవా అని అడిగె," అన్నాడు. "గోళీలు అన్నీ పడతాయి అంటి. నాకు పడనిది సూది. అడిగిందానికే కదా జవాబు."

బేరం తెలిసిన మనిషి. అడగనిది చెప్పడు, చెప్పింది అబద్ధం కాదు. గోళీలను మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాను. వాళ్లిద్దర్నీ లోపల బల్ల మీద కూర్చోబెట్టి నేనూ ఎదురుగా కూర్చున్నాను.

అలర్జీ అని ఒక్కసారి ముద్ర పడిందంటే, దాన్ని చెరిపించుకోవడానికి ఎన్ని అర్జీలు పెట్టుకున్నా చాలవు. అట్లాగని ముద్రను నమ్మకుండా మందు ఇచ్చేస్తే, అది నిజమైన రోజున అర్జీ పెట్టుకోవడానికి మనిషే ఉండడు. కాబట్టి నమ్మడమూ తప్పే, నమ్మకపోవడమూ తప్పే. అడగడం ఒక్కటే ఒప్పు.

"ఆ రోజు ఏమైందో మొదటినుంచీ సెప్పండి."

కన్యకమ్మే చెప్పింది. చాలా ఏళ్ల కింద శెట్టి మిల్లులో పత్తి బేళ్ల మీదికెక్కి, జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. బళ్లారిలో ఏదో ఆసుపత్రికి తీసుకుపోయారు. అరుపులు వినలేక అక్కడివాళ్లు నరానికి సూది ఇచ్చారు.

"సూది పీకేలోపలే మొగమంతా మిరపకాయ బజారు అయిపాయె. ముక్కు గీక్కుంటాడు, రొమ్ము గీక్కుంటాడు, మళ్లీ ముక్కు. అంత అరిసే మనిషి అరుపు ఆపి గీక్కుంటా కూసున్యాడు. నాకు కాళ్లూసేతులూ ఆడలేదు. ఆడుండే నర్సమ్మ సెప్పింది, మార్ఫిన్ పడలేదు మీకు, యాడికి పోయినా సెప్పండి అని."

"ఒంటి మీద దద్దుర్లు లేసినాయా? చింతగింజలంత, రూపాయి బిళ్లలంత?"

"ల్యా. ఎర్రగా అయ్యె, అంతే."

"పెదాలు, నాలుక, కండ్లు వాచినాయా?"

"వాయలేదు."

"ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కండ్లు తిరిగి పడిపోవడం?"

"పడిపోయేదానికి ముందే పండుకోనున్యాడు కదప్పా, కాలు ఇరిగి."

"అక్కా."

"ఏమీ లేదులే. మాట్లాడతానే ఉండె. మిల్లుకు తాళం ఏసినారా అని అడుగుతాండె."

"ఆ దురద తగ్గేదానికి వాళ్లేమన్నా సూది ఏసినారా?"

ఈసారి శెట్టి నోరు తెరిచాడు. "ఏమీ ఎయ్యలేదు. దానంతటదే పోయె. నిజం సెప్పాలంటే, ఆ పూట నొప్పి కూడా పోయె."

నా మనసులో ఒక లెక్క తేలసాగింది. మార్ఫిన్ సూదిని నరంలోకి గబగబా ఎక్కిస్తే ఒంట్లో దాగి ఉండే హిస్టమిన్ ఒక్కసారి బయటికి దూకుతుంది. ముఖం ఎర్రబడుతుంది, ముక్కు దురద పెడుతుంది. చూసేవాళ్లకు అది అచ్చం అలర్జీలాగే కనిపిస్తుంది. అసలు అలర్జీలో ఒళ్లు మందును శత్రువు అనుకుని కత్తి దూస్తుంది. ఇందులో మందు తగిలి ఒళ్లు గిలిగింతలు పోతుంది, అంతే. దురద ఉంది గానీ దురదృష్టం లేదు.

అయినా ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకూడదు. శెట్టి మాటకు ముందూ వెనకా పొడిదగ్గు దగ్గుతున్నాడు. జిన్నింగు మిల్లు నూగు ఊపిరితిత్తుల్లో నూరుపాళ్లు చేరుతుంది. ఆదోనిలో పత్తి మనుషులందరికీ ఆ దగ్గు ఉంటుంది. అది వినగానే నాకు ఇంకో ప్రశ్న తట్టింది.

"శెట్టీ, ఈ దగ్గుకు ఏం తాగుతావు?"

"సీజన్లో సిరప్పు తాగుతుంటి. డాక్టరు రాసిస్తుండె. మన జోయల్ షాపులో తెస్తుంటి."

"కాలు ఇరిగినాక కూడా తాగినావా?"

"పోయినేటి సీజన్దాకా. ఇప్పుడు మిల్లుకే పోవడం లేదు, దగ్గుతో ఏం పని?"

జోయల్ ఆదోనిలో మందుల షాపు నడుపుతాడు, నాతో కలిసి చదువుకున్నాడు. ఫోన్ చేశాను.

"రామలింగయ్య శెట్టికి ఇచ్చే దగ్గు సిరప్పు ఏంది?"

"కోడీన్ది. డాక్టరు సీటీ లేనిదే ఇయ్యనప్పా, నామీద కంప్లైంటు వచ్చిందా?"

"రాలేదు. ఎప్పుడన్నా దద్దుర్లనీ, వాపనీ వచ్చినాడా?"

"శెట్టా? సీసా ఖరీదు ఎక్కువైందని వస్తుండె. ఇంక దేనికీ రాలేదు."

కోడీన్, మార్ఫిన్ ఒకే ఇంటివి. అంతకన్నా ముఖ్యం, కోడీన్ కడుపులోకి పోయాక అందులో కొంత మార్ఫిన్‌గానే మారుతుంది. అంటే ఏ మందు పడదని ఊరంతా చెప్పుకుంటున్నాడో, ఆ మందునే ఈ పెద్దమనిషి ప్రతి పత్తి సీజన్లో చెంచాలతో కొలుచుకుని తాగి, మూతి తుడుచుకుని మిల్లుకు పోయాడు.

లేచి డాక్టరు హర్షిణి గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విని, తానూ బయటికి వచ్చి శెట్టి చర్మం చూసింది, ఊపిరి విన్నది, నేనడిగిన ప్రశ్నలే ఇంకో వరసలో మళ్లీ అడిగింది. జవాబులు మారలేదు.

"నేను గోళీలు అన్నాను, మందులు అనాల్సింది," అంది నాతో. "ఇది అలర్జీలా లేదన్నా. కానీ ఇంటికి పంపించి చూద్దాం అనను. మొదటి డోసు చాలా చిన్నది, నోటితో, ఇక్కడే మన కళ్లముందే. అత్యవసరానికి సూదులు పక్కన పెట్టుకుందాం. శెట్టిగారూ, మీకు సమ్మతమేనా?"

"సమ్మతం కాదమ్మా," అన్నాడు శెట్టి.

"భయమా?"

"భయం కాదు. దాన్ని కాశీలో ఇడిసిపెట్టినా."

డాక్టరు హర్షిణి ఆయన ముఖంలోకి చూసింది. ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నాకు అర్థమై నవ్వు గొంతుదాకా వచ్చింది. కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలేసి వస్తారు. కొందరు పండు, కొందరు కూర. వదిలినదాన్ని మళ్లీ ముట్టరు. కాలు నయమయ్యాక కాశీకి పోయినప్పుడు శెట్టిని కూడా పంతులు అడిగాడట, నాయనా ఏం వదులుతావు అని. శెట్టి గంగలో మొలలోతు నిలబడి ఆలోచించాడు. వంకాయ వదలాలంటే ప్రాణం ఒప్పలేదు. మామిడిపండు అనుకుంటే ఎండాకాలం గుర్తొచ్చింది. పైసా నష్టం లేని బేరం ఒకటి తోచింది. ఎలాగూ పడని సూది ఉంది కదా.

"పంతులు ఒప్పుకున్యాడా?" అని అడిగాను.

"మార్ఫిన నామక ఔషధం త్యజామి అని సెప్పించినాడు. మూడుసార్లు."

డాక్టరు హర్షిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు, నవ్వేశాను. శెట్టి నవ్వలేదు.

"నవ్వప్పా. నవ్వాల్సిందే. నేను నలభై ఏండ్లు మాట మీద పత్తి కొన్నోణ్ని. మార్కెట్లో ఒకసారి అన్న రేటు, మబ్బు పట్టినా వాన పడినా ఎనక్కి తీసుకోలేదు. మనుషులతోనే తీసుకోనోణ్ని, ఈశ్వరుడితో తీసుకోమంటావా? అయినా ఇప్పుడు నొప్పి ఏముంది. ఓర్సుకునేంతే ఉంది."

"పదిలో ఎంతండీ?" అని డాక్టరు అడిగింది. "పది అంటే ఇంక భరించలేనంత."

శెట్టి భార్య వైపు ఒకసారి చూశాడు. "రెండుంటుంది. కన్యకా, నువ్వేం పరేశాన్ కావద్దు. రెండే."

ఆ నొప్పి ఒప్పుకోలు నాకు ఒప్పలేదు. రెండుతో ఏ మనిషీ రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చోడు. మా నాయన ఆదోని మార్కెట్లో దలాలీ చేసేవాడు. ఇప్పుడు యార్డులో అంతా కంప్యూటర్ టెండర్లు గానీ, ఆ రోజుల్లో నలుగురిలో పైకి ఒక రేటు అరిచి, అసలు రేటు తువ్వాలు కింద వేళ్లు పట్టి చెప్పుకునేవాళ్లు. తువ్వాలు పైన మాట నలుగురికోసం, తువ్వాలు కింద మాట బేరానికి. తువ్వాలు కింద అబద్ధమాడినవాడికి మరుసటిరోజు మార్కెట్లో చోటు లేదు.

నా భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. శెట్టి నా ముఖంలోకి చూశాడు. నేను నోటితో ఏమీ అడగలేదు.

ఆయన తువ్వాలు అంచులు సర్దాడు. తర్వాత నా చేతి వేళ్లు అయిదూ కలిపి పట్టుకున్నాడు. వదిలి, ఆ అయిదుకు తోడు మరో నాలుగు వేళ్లు పట్టుకున్నాడు.  తువ్వాలు పైన ముఖం మాత్రం రెండు అంటూనే ఉంది.

  తువ్వాలు తీసి మడిచి పక్కన పెట్టాను. ఎంతని డాక్టరు అడగలేదు, నన్ను చూస్తే తెలిసినట్టుంది. కన్యకమ్మ కూడా అడగలేదు. పత్తి వ్యాపారి భార్య, తువ్వాలు సంగతి ఆమెకు తెలియకపోవడమేమిటి?

"శెట్టీ," అంది. మామూలు గొంతుతోనే అంది. "నువ్వు ఆ పొద్దు గంగలో సూదిని ఇడుస్తాంటే నేను పక్కనే ఉంటి."

"ఉంటివి."

"ఇష్టమైంది ఇడవమని కదా పంతులు అనింది. సూది నీకెప్పుడు ఇష్టం?"

"ఇష్టమని నేనన్యానా?"

"మరి ఇడిసిందేంది? యాపకాయ తిననోడు యాపకాయ ఇడిసినట్ల. దేవునికే టోపీ పెడ్తాండాడే ఈ మనిషి అని నాకు గుండెల్లో రాయి పడె. ఎనక్కి వచ్చినాక నీకేమన్నా అయితే? అందుకే నువ్వు గట్టెక్కినంక నేను మళ్లీ మునిగినా. నా లెక్కకు సీతాఫలం ముందే ఇడిసుంటి. నీ లెక్కకు బజ్జి ఇడిసినా."

"మిరపకాయ బజ్జీయా?"

"ఇంకేం బజ్జి."

ఆదోనిలో పొద్దున బొరుగుల ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే సూర్యుడు పైకి రావడానికి మొహమాటపడతాడు. శెట్టి భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఇన్నేండ్లుగా నువ్వు బజ్జి ముట్టనిది అందుకా? కడుపులో మంట అంటివే."

"మంటే. నీ మీద."

డాక్టరు హర్షిణి తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

"అయితే నేను ఇడిసింది?" అన్నాడు శెట్టి.

"యాడికీ పోలేదు. ఈశ్వరుడు దాన్ని ఎత్తుకోనే ఎత్తుకోలేదు. గంగలో ఏసిన రాయి గట్టుకు కొట్టుకొచ్చింది, అంతే. నీ పేరున ఏం చేరాలో అది నేను చేర్పించినా. మాట మాట అంటావే, ఆ మాట నిలబెట్టింది నేను. గోళీ నువ్వు మింగేది కాదప్పా, నేను మింగమంటే మింగేది. సుమ్నే, ఇంకేం మాట్లాడకుండా నోరు తెరువు."

 శెట్టి ముఖంలో లెక్క నడుస్తోంది. ఎటునుంచి కూడినా భార్య మాటే వస్తున్నట్టుంది. చివరికి నా వైపు చెయ్యి చాపాడు.

చిన్న డోసు ఇచ్చాం. కన్యకమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని భర్త ముఖాన్ని పొయ్యి మీది పాలను చూసినట్టు చూడసాగింది. డాక్టరు వచ్చి నాడి, బీపీ చూసి పోతోంది. పక్క బల్ల మీద మందుల కోసం వచ్చిన నేత శంకరన్న కూర్చుని ఉన్నాడు. తన వంతు వచ్చినా లేవకుండా ఈ తంతు చూస్తున్నాడు.

అరగంట దాటింది. శెట్టి చెయ్యి మెల్లగా లేచింది. ముక్కు దగ్గరికి పోయింది. గీకింది.

"గీక్కుంటాండాడు," అంది కన్యకమ్మ.  "ఉచ్చీరప్పా, సూడు, ముక్కు."

నేను పరుగెత్తుకుపోయాను.  చొక్కా గుండీలు విప్పి రొమ్ము చూశాను, వీపు చూశాను. ఒక్క దద్దు లేదు. పెదాలు పెదాల్లాగే ఉన్నాయి. నాలుక చాపమన్నాను, చాపాడు. డాక్టరు ఊపిరి విన్నది. గాలి సాఫీగా పోయివస్తోంది. బీపీ ఉన్నచోటే ఉంది.

"ఇంకా యాడన్నా దురద ఉందా శెట్టీ?"

"ముక్కు కొనన. ఈగ వాలినట్ల."

"అంతేనా?"

"శంకరన్న తువ్వాల్నుంచి నూలు పోగు ఎగిరొచ్చి వాలిందేమో, ఎవరు సెప్పొచ్చిరి."

"నా మీదికి తోయద్దు శెట్టీ," అన్నాడు శంకరన్న. "మాది చెయ్యి నేత, పోగు ఊడదు. ఊడేది మీ పత్తే."

డాక్టరు దురద తగ్గే గోళీ ఒకటి వేయించింది. ఇలా కొంచెం దురద రావొచ్చనీ, అది నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుందనీ కన్యకమ్మకు చెప్పింది. ఏది వస్తే భయపడకూడదో, ఏది వస్తే వెంటనే పరుగెత్తుకు రావాలో కూడా విడివిడిగా చెప్పింది. దద్దుర్లు, వాపు, ఊపిరి ఆడకపోవడం, లేపినా లేవనంత మగత. కన్యకమ్మ ఆ నాలుగూ వేళ్ల మీద అప్పజెప్పింది. నేను విరేచనం గోళీలు కూడా కట్టి ఇచ్చాను. మార్ఫిన్ వేసుకునేవాళ్లకు కడుపు కట్టేస్తుంది. నొప్పి పోయి, పోవలసింది పోకపోతే మళ్లీ ఇంకో నొప్పి.

కంప్యూటర్లో శెట్టి పేరు తెరిచి, అలర్జీ అనే గడిలో ఒక్క మాట పెట్టి వదిలేయకుండా జరిగిందంతా రాశాను. నరానికి సూది, ముఖం ఎర్రబడటం, దురద, దద్దుర్లు లేవు, వాపు లేదు, కోడీన్ పడింది, ఈ రోజు నోటితో మార్ఫిన్ పడింది. ఇంకో ఊళ్లో ఇంకో కిటికీ వెనక కూర్చున్నవాడు చదివితే మళ్లీ మొదటికి రాకూడదు కదా.

రాసి తలెత్తేసరికి శెట్టి బల్ల మీద లేడు.

మా వరండా చివర రోగుల కోసం ఒక మంచం ఉంది. దాని మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎవరూ పడుకోబెట్టలేదు, నడుం వాలుస్తానని తానే పోయాడట. కాళ్లు చాపాడు. కన్యకమ్మ మంచం పక్కన నిలబడి ఉంది, కూర్చుంటే చప్పుడవుతుందేమో అన్నట్టు. డాక్టరు వచ్చి రొమ్ము ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టింది, చేత్తో తట్టి పేరు పెట్టి పిలిచింది. శెట్టి కళ్లు తెరిచి, "ఏమ్మా" అని, మళ్లీ మూశాడు. మామూలు నిద్రే, పోనివ్వండి అంది.

కాసేపటికి గురక మొదలైంది. చిన్న గురక కాదు, జిన్నింగు మిల్లు ఆడుతున్నట్టు. వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు. శంకరన్న తన మందుల సంచీ చప్పుడు కాకుండా గుండెకు హత్తుకుని, కాలివేళ్ల మీద నడిచిపోయాడు.

ఆదోని నుంచి తెచ్చిన కారు డ్రైవరు వచ్చి, ఎండ ఎక్కువ కాకముందే జల్దీ పోదామా అమ్మా అన్నాడు. కన్యకమ్మ చేత్తోనే పొమ్మంది. ఇంతలో ఆమె చేతిసంచిలో శెట్టి ఫోన్ మోగింది. ఆత్రంగా తీసి, మంచానికి దూరంగా రెండడుగులు వేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడింది. మిల్లునుంచి ఎవరో, శెట్టిగారిని ఒక్క మాట అడగాలంటున్నారు.

"ల్యా," అంది కన్యకమ్మ. "లేపను. శెట్టి పండుకోనున్యాడు."

అవతలివాళ్లు ఏదో అన్నట్టున్నారు. ఆమె మంచం వైపు చూసింది.

"అవునప్పా," అంది. "పండుకోనే ఉన్యాడు. వెల్లకిలా."